వాట్లు అడిగితే నవ్వారు: డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా తేల్చుకోవడంలో నా అనుభవం

మొత్తానికి కొత్త మెషిన్ ఇంటికొచ్చింది, పని మొదలైంది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాసేయాలని కూర్చున్నాను.

నేను హనుమకొండలో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. ఇన్నేళ్లూ నా పని మోసింది ఐ5-4570 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్. అది 2013లో వచ్చిన నాలుగో తరం ప్రాసెసర్, నాలుగే కోర్లు (లెక్కలు చేసే యూనిట్లు). మధ్యలో ర్యామ్ 16 జీబీ చేసి, ఎస్‌ఎస్‌డీ పెట్టి, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు వేసి ఎలాగోలా లాక్కొచ్చాను. ఈసారి ఇక లాగలేకపోయాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 పద్ధతిగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలి. నా దగ్గర రెండూ లేవు. అంతకంటే పెద్ద తలనొప్పి కెమెరాలతో వచ్చింది. మా ఫొటోగ్రాఫర్లు ఇప్పుడు సోనీ కెమెరాల్లో 4కే, 10-బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే రికార్డింగ్), హెచ్‌ఈవీసీ (వీడియోని బాగా కుదించే పద్ధతి) ఫార్మాట్‌లో తీసి ఇస్తున్నారు. దాన్ని టైమ్‌లైన్ మీద పెడితే తలంబ్రాల సీన్ ఆగి ఆగి కదిలేది. రాత్రంతా ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకుంటే గానీ పొద్దున్నే ఎడిటింగ్‌కి కూర్చోలేను. సీజన్‌లో అలా కుదురుతుందా?

పాత బోర్డులో ప్రాసెసర్ ఒక్కటే మారుద్దామంటే నా బోర్డుకు నాలుగో తరం దాటి ఏదీ పట్టదు. ర్యామ్ చూస్తే పాత రకం డీడీఆర్3. అంటే మార్చాలంటే మొత్తం మార్చాల్సిందే.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ల్యాప్‌టాప్ కొనమని. మండపంలోనే కూర్చుని రిసెప్షన్ లోపు టీజర్ చూపించొచ్చని మా ఆయన ఆశ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడైతే, "అక్కా, ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరు కొంటున్నారు? ఐ7 ల్యాప్‌టాప్ తీసుకో, సరిపోతుంది" అని తేల్చేశాడు. వాళ్ల మాట కాదనలేను, అలాగని గుడ్డిగా లక్ష రూపాయలు పెట్టలేను. అందుకే కొనేముందు కొలవాలనుకున్నాను.

కొలవడం కష్టమేమీ కాదు. నేను చేసిన ఒక పెళ్లి ప్రాజెక్టులోంచి ఐదు నిమిషాల ముక్క తీసుకున్నాను. అందులో మూడు లేయర్లు, కలర్ కరెక్షన్, టైటిల్స్ అన్నీ ఉన్నాయి. దాన్ని క్లిప్పులతో సహా పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలో పెట్టాను. పక్కన ఒక 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్). 300 డీపీఐలో ఆ షీట్ 10800×3600 పిక్సెల్స్ వస్తుంది, లేయర్లు పడితే ఏ మెషిన్ సత్తా అయినా బయటపడుతుంది. మూడోది సినీబెంచ్, ప్రాసెసర్ సత్తా కొలిచే ప్రోగ్రామ్. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి నడిపితే చాలు. మామూలుగా పది నిమిషాలు ఆపకుండా ప్రాసెసర్‌ని కష్టపెట్టి స్కోరు ఇస్తుంది. యూట్యూబ్‌లో ఎవరో చూపించే స్కోర్ల కంటే మీ పనిలోంచి తీసిన ముక్కే మీకు నిజం చెబుతుంది. ఈ విషయంలో నా పద్ధతి మీద నాకు గర్వమే. మా లైన్‌లో చాలామంది మగవాళ్లు కూడా ఇలా కొలిచి కొనరు.

ముందు మా తమ్ముడి ల్యాప్‌టాప్ మీదే పెట్టాను. అందులో ఐ7-1255యు. ఆల్బమ్ షీట్ ఠక్కున తెరుచుకుంది. ఫొటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదే నడుస్తాయి, అక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లు డెస్క్‌టాప్‌లకు బాగా దగ్గరకొస్తాయి. నా 4:2:2 క్లిప్పులు కూడా నున్నగా ప్లే అయ్యాయి. తమ్ముడు నావైపు చూసి నవ్వాడు. ఎక్స్‌పోర్ట్ పెట్టాక టాస్క్ మేనేజర్ తెరిచి 'స్పీడ్' అని ఉన్న అంకె చూపించాను. మొదట్లో మూడు గిగాహెర్ట్జ్ పైన ఉన్నది కాసేపటికి దిగుతూ దిగుతూ రెండు దగ్గరకొచ్చి అక్కడే నిలబడిపోయింది. ఫ్యాన్ హోరెత్తిపోతోంది, కీబోర్డు పై వరస మీద వేలు పెట్టనివ్వడం లేదు.

కారణం ఆ పేరు చివరి 'యు' అక్షరం. ఆ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పే బేస్ పవర్ (నిలకడగా నడిచేటప్పుడు తీసుకునే కరెంట్) 15 వాట్లు. కాసేపు 55 దాకా పోనిస్తారు, వేడెక్కాక వెనక్కి లాగుతారు. అందులో 10 కోర్లు ఉన్నా పెద్దవి రెండే, మిగతా ఎనిమిది చిన్నవి. అదే డెస్క్‌టాప్ ఐ5-14500 తీసుకుంటే పెద్ద కోర్లు ఆరు, చిన్నవి ఎనిమిది, బేస్ 65 వాట్లు, టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 154 దాకా పోతుంది. పైన అరచేయంత కూలర్ కూర్చుంటుంది. పేరులో ఐ7 ఉన్నది ఐ5 ముందు ఎలా నిలబడుతుంది? అర నిమిషం పనిలో నిలబడుతుంది, గంట ఎక్స్‌పోర్ట్‌లో నిలబడదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ల్యాప్‌టాప్ నా పాత డెస్క్‌టాప్‌ని చిత్తుగా ఓడించింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌తో పోలిస్తే ఈ స్థాయి కొత్త ల్యాప్‌టాప్ ఏదైనా గెలుస్తుంది. పోలిక అది కాదు. అదే డబ్బుకు వచ్చే కొత్త డెస్క్‌టాప్‌తో పోల్చాలి.

అయితే గేమింగ్ ల్యాప్‌టాప్ చూద్దామన్నాడు తమ్ముడు. వాటిలో హెచ్, హెచ్ఎక్స్ ప్రాసెసర్లు ఉంటాయి, బేస్ 45, 55 వాట్లు. న్యాయంగా అవి కూడా చూడాల్సిందే. అలా ఇద్దరం హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లాం. పేరు రాయను. అక్కడ జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సేల్స్ అబ్బాయి వచ్చి నన్ను దాటుకుని తమ్ముడి ముందు నిలబడ్డాడు. "చెప్పండి సర్, బడ్జెట్ ఎంత?" కొనేది నేనని తమ్ముడు చెప్పాడు. అయినా అతను తమ్ముడి వైపే చూస్తూ, "మేడమ్ రీల్స్ చేస్తారా సర్?" అన్నాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తానని నేనే చెప్పి, ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ఒక మోడల్ చూపించి, "ఇందులో గ్రాఫిక్స్ కార్డుకి ఎన్ని వాట్లు ఇచ్చారు?" అని అడిగాను.

ఇది అడగాల్సిన ప్రశ్న. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చని ఆ చిప్ తయారుచేసే ఎన్విడియానే చెబుతుంది. డెస్క్‌టాప్ 4060 అయితే 115 వాట్లు. పైన స్టిక్కర్ ఒకటే, లోపల దమ్ములో బోలెడు తేడా.

అతను పకపకా నవ్వాడు. "వాట్లా మేడమ్? కరెంట్ బిల్లు గురించా? ల్యాప్‌టాప్‌కి పెద్దగా కాలదు, భయపడకండి" అన్నాడు. పక్కన ఫ్రిజ్ చూస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నా ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ ఎంతో ఉంటుంది, చూపించమన్నాను. అతనికి అది ఎక్కడుందో తెలియదు. నేను మౌస్ మీద చెయ్యి వేయబోతే, "టచ్ చేయకండి మేడమ్, డెమో పీస్" అన్నాడు. డెమో పీస్ పెట్టింది ముట్టుకోవడానికి కాకపోతే దేనికి?

నా ఎస్‌ఎస్‌డీ తీసి, సినీబెంచ్ పది నిమిషాలు నడిపి చూస్తానన్నాను. ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచాడు. ఆయన వచ్చీ రాగానే ఎస్‌ఎస్‌డీ నా చేతిలోంచి తీసుకుని కౌంటర్ మీద పెట్టేశాడు. వైరస్ ఉంటే బాధ్యత ఎవరిదని అడిగాడు. తర్వాత వేరే కస్టమర్లతో మాట్లాడటానికి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. అందులో వేరేవాళ్ల పెళ్లి ఫుటేజ్ ఉంది, దాన్ని వదిలేసి ఎక్కడికి వెళ్తాను? తమ్ముడు "పోదాం అక్కా" అంటున్నాడు. చాలాసేపటికి మేనేజర్ తిరిగొచ్చి, అందరికీ వినపడేలా ఒక మాట అన్నాడు: "చూడండమ్మా, కొనేవాళ్లు ఇన్ని అడగరు."

నేనూ అందరికీ వినపడేలాగే చెప్పాను. "నా డబ్బుతో నేను కొనుక్కునేది. ఇంకా అడుగుతాను."

చివరికి, రెండు నిమిషాలు చూసుకోండి అన్నాడు. రెండు నిమిషాల్లో ఏం తెలుస్తుంది? టర్బో పవర్ మీద పరిగెత్తి అంకెలు బాగా కనిపించే సమయమే అది. సరే, అదైనా చూద్దామని నడిపితే స్కోరు ఎక్కడో అడుగున ఉంది. అనుమానం వచ్చి వెనక్కి తిప్పి చూస్తే దానికి చార్జరే పెట్టలేదు. బ్యాటరీ మీద ఉంటే ఏ గేమింగ్ ల్యాప్‌టాప్ కూడా పూర్తి పవర్ తీసుకోదు. చార్జర్ పెట్టండి అంటే, "స్టాక్ రూమ్‌లో ఉంది, తాళాలు లేవు" అన్నారు. లక్ష రూపాయల వస్తువు అమ్మడానికి కూర్చుని, దాని చార్జర్ పెట్టి చూపించలేని షోరూమ్ అది. నా ఎస్‌ఎస్‌డీ తీసుకుని బయటికొచ్చేశాను.

ఆడవాళ్లకు ఒక మాట చెప్పాలి. మీ పని గురించి మీకే బాగా తెలుసు. పక్కన మగవాడు ఉన్నాడని అమ్మేవాడు వాడితో మాట్లాడితే, ఆ కౌంటర్‌లో మీ డబ్బు పెట్టకండి. నేను నెలకు ఇన్ని పెళ్లిళ్లు డెలివరీ ఇస్తున్నానంటే, ఎవరో నాకు రీల్స్ నేర్పితే కాదు.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనోయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. అందరూ సీటీసీ అనేది దాన్నే. ఒక చిన్న కౌంటర్‌లో కుర్రాడికి నా ఎస్‌ఎస్‌డీ చూపించి, ఐ5-14500 మీద నడిపి చూడాలని సంగతి చెప్పాను. "పెట్టుకోండి అక్కా, పక్కన ఒక కస్టమర్ సిస్టమ్ బర్న్-ఇన్ టెస్ట్‌లో నడుస్తోంది, అదే ప్రాసెసర్" అని స్టూల్ జరిపాడు. పది నిమిషాలు నడిచింది. ప్రాసెసర్ వేగం ఒక చోట నిలబడి కదల్లేదు. ఫ్యాన్ చప్పుడు కౌంటర్ల గోలలో వినపడనే లేదు. అక్కడే నిర్ణయం అయిపోయింది.

కుర్రాడు మంచివాడే కానీ ఒక చోట అతనితో కూడా వాదించాల్సి వచ్చింది. పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే డబ్బు మిగులుతుంది, మీ దగ్గర కార్డు ఉంది కదా అన్నాడు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. నాకు కావాల్సిందే ఆ గ్రాఫిక్స్. 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్ మీద విప్పేది ఇంటెల్ కొత్త ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్సే. నా పాత 1050 టీఐకి అది రాదు, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌కి కూడా రాదు, ఎన్విడియాలో 50 సిరీస్ నుంచే మొదలైంది. ల్యాప్‌టాప్‌లో నా క్లిప్పులు నున్నగా ఆడింది కూడా ఆ ఇంటెల్ గ్రాఫిక్స్ పుణ్యమే. పైగా 14500లో ఉన్న యూహెచ్‌డీ 770లో వీడియో ఇంజిన్లు రెండు, దాని కింది మోడల్ 14400లోని 730లో ఒకటే. గేములు ఆడేవాళ్లు ఎఫ్ తీసుకోవచ్చు. పెళ్లి వీడియోలు చేసేవాళ్లు చౌకగా వస్తుందని తీసుకోకండి.

మిగతావి వెంటనే అయిపోయాయి. బీ760 బోర్డు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, డీడీఆర్5 ర్యామ్ 16 జీబీవి రెండు. ఒకే 32 స్టిక్ వేయించుకోకండి, రెండు స్టిక్కులు ఉంటేనే డ్యూయల్ చానల్ (రెండు దారుల్లో డేటా) వస్తుంది, లోపలి గ్రాఫిక్స్‌కి దాని అవసరం చాలా ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు ఒకే స్టిక్‌తో అమ్ముతారు, కొన్నిటిలో బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేరు. ర్యామ్ ధరలు ఈ మధ్య మండిపోతున్నాయి, అక్కడ మాత్రం గుండె గట్టి చేసుకుని కట్టాను. పాత కార్డు, మానిటర్, యూపీఎస్ అలాగే ఉంచుకున్నాను. వచ్చే సీజన్ డబ్బు చేతికొచ్చాక కార్డు ఒక్కటే మారుస్తాను. ల్యాప్‌టాప్‌లో ఈ సౌకర్యం లేదు, గ్రాఫిక్స్ పాతబడితే మొత్తం పాతబడినట్టే.

ఇప్పుడు ప్రాక్సీలు లేకుండానే ఎడిట్ చేస్తున్నాను. మొత్తం ఖర్చు ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ ధర కంటే బాగా తక్కువలో తేలింది. మా ఆయనకు టీజర్ ఆశ మాత్రం అలాగే ఉండిపోయింది. నిజంగా మండపం దగ్గర కూర్చుని చేసేవాళ్లు, హాస్టల్ పిల్లలు, ఆల్బమ్ డిజైన్ ఒక్కటే చేసేవాళ్లు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చు. కాకపోతే చార్జర్ పెట్టించి, పది నిమిషాలు నడిపించి, ప్రాసెసర్ చివరి అక్షరం చూసి తీసుకోండి.

అసెంబుల్ చేయించుకునేవాళ్లు ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాతోనే అడగండి, డబ్బా లేని ట్రే పీస్‌కి కంపెనీ వారంటీ నేరుగా రాదు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ రాయించుకోండి. ముఖ్యంగా ర్యామ్, ఎస్‌ఎస్‌డీల నంబర్లు, బిల్లు రాసేటప్పుడు అవే వదిలేస్తారు.