పెత్రమాస తర్పణంలో సారు పేరు

భాద్రపద బహుళ అమావాస్యను పంచాంగాలు మహాలయ అమావాస్య అంటాయి. మా ఓరుగల్లులో అది పెత్రమాస. పొద్దున పెద్దల పేరు మీద బియ్యమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుకునే రోజు. మొన్నటి పెత్రమాస నాడు భద్రకాళి చెరువు మెట్ల మీద దక్షిణముఖంగా కూర్చుని, దర్భ పవిత్రం వేలికి పెట్టుకుని, జంధ్యాన్ని కుడి భుజం మీదికి మార్చుకుని తర్పణం వదులుతున్నాను. తండ్రి వసురూపంగా, తాత రుద్రరూపంగా, ముత్తాత ఆదిత్యరూపంగా నీళ్ళు అందుకున్నారు. తల్లి, ఆమె పుట్టింటివారు, మేనమామలు, మేనత్తలు అయ్యాక అయ్యగారు మహాలయానికే ప్రత్యేకమైన ఆ పొడుగాటి వరుస చివరికి వచ్చి, "గురువులెవరన్న ఉన్నరా?" అని అడిగారు. ప్రతి ఏడూ లేరని తల ఊపే నేను ఈసారి తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త జయశంకర్ సారు పేరు చెప్పాను.

అయ్యగారు చెంబు వంచబోయి ఆగారు. ఆ పేరు తెలియని మనిషి వరంగల్‌లో ఉండడు గనుక ఎవరని అడగలేదు; "గోత్రం?" అన్నారు. తెలియదన్నాను. "తెల్వకుంటే కాశ్యపం అనుకోవాలె. అందరు ఆయన సంతానమే గద" అని నా దోసిట్లో నీళ్ళు పోశారు. గోత్రం తెలియని వారికి కాశ్యప గోత్రం చెప్పాలన్న నియమం చిన్నప్పటి నుంచి వింటున్నదే అయినా, దానిలో ఎంత వాత్సల్యం ఉందో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి ఆ నీళ్ళు జారుతున్నప్పుడు గాని నాకు పట్టలేదు.

నిజానికి సారు నాకు ఏనాడూ పాఠం చెప్పలేదు. కొత్తపల్లి జయశంకర్ గారు కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న 1991-94 సంవత్సరాలలో విద్యారణ్యపురి ప్రాంగణంలో తిరిగిన వేలమందిలో నేనొకణ్ణి; ఆయనను దూరం నుంచి చూసినవాణ్ణే గాని దగ్గరకు పోయి మాట్లాడినవాణ్ణి కాను. అయితే ఆయన్ని గురువుల వరుసలో చేర్చే హక్కు నాకెక్కడిది? ఈ ప్రశ్న నన్ను తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదకొండవ అనువాకం దగ్గరికి తీసుకుపోయింది. చదువు ముగించి ఇంటికి పోబోయే శిష్యుడికి ఆచార్యుడు చెప్పే మాటలవి. విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలలో నేటికీ వినబడతాయి. "సత్యం వద, ధర్మం చర, స్వాధ్యాయాన్మా ప్రమదః" అన్నంత వరకు అందరికీ నోటికి వచ్చును. ఆ వెంటనే వచ్చే వాక్యం మీద మాత్రం మనం ఎక్కువసేపు నిలబడము: "ఆచార్యాయ ప్రియం ధనమాహృత్య ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః." ఆచార్యుడికి ప్రియమైన ధనం తెచ్చి ఇచ్చి, సంతతి అనే దారాన్ని తెగనీయకు అని దాని అర్థం. విద్యకు బదులుగా ధనమిచ్చి, గురువు అనుమతితో తగిన భార్యను తెచ్చుకుని వంశం నిలపాలని శంకర భగవత్పాదులు దానిని వివరించారు. అది గృహస్థు కాబోయే శిష్యుడికి చెప్పిన మాట. దానిని కాదనే సాహసం నాకు లేదు. కాని గురువుకు ఇవ్వవలసినదీ, తెగకూడని దారమూ ఒకే వాక్యంలో ఎందుకు చేరాయన్నది నన్ను వదలలేదు. సారు ఆజన్మ బ్రహ్మచారి. ఆయనకు దగ్గరివారు చేయవలసినవి చేసే ఉంటారు, అది వారి ఇంటి సంగతి. నేను అడుగుతున్నది రెండవ దారం గురించి, పాఠం చెప్పిన నోటి నుంచి విన్న చెవికీ, ఆ చెవి నుంచి మరొక చెవికీ సాగే దారం గురించి.

మరి ఆచార్యుడికి ప్రియమైన ధనం ఏది? ఈ సారు విషయంలో జవాబు వెతకనక్కరలేదు. ఆత్మకూరు మండలం అక్కంపేటలో 1934 ఆగస్టు 6న పుట్టిన ఆయన, 1952లో, స్థానికులకే కొలువులు దక్కాలన్న ముల్కీ ఉద్యమం నాటికే విద్యార్థిగా వీధిలోకి వచ్చాడు. అర్థశాస్త్రం చదివాడు, 1975 నుంచి 1979 దాకా వరంగల్ చందా కాంతయ్య స్మారక కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు, తరువాత రిజిస్ట్రారుగా, ఉపకులపతిగా ఎదిగాడు. ఎక్కడ ఏ కుర్చీలో ఉన్నా ఆయన చేతిలో ఉన్నది ఒక లెక్క. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఏమున్నదో, అందులో ఏది ఎక్కడ తప్పిపోయిందో, ఏ నిధి ఎటు పోయిందో, ఏ కొలువు ఎవరికి దక్కిందో చెప్పే లెక్క. అన్నిటికంటే ముందు నీళ్ళ లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో గోదావరి పరివాహక ప్రాంతం నూటికి 79 వంతులు, కృష్ణా పరివాహకం నూటికి 68 వంతులకు పైగా తెలంగాణలోనే ఉండగా ఇక్కడి చేలు ఎందుకు ఎండుతున్నాయన్నది ఉద్యమం అడిగిన ప్రశ్న. ఆవేశంగా అరవడం అందరికీ వచ్చు. అంకెలను ముందు పెట్టి నెమ్మదిగా అడగడం ఎట్లాగో ఒక తరానికి నేర్పినవారిలో ఆయనది మొదటి వరుస. ఆ పాఠం కళాశాల గదిలో ఆయన ముందు కూర్చోకపోయినా నాకూ అందింది. జీవితమంతా నీళ్ళ లెక్క చెప్పిన మనిషికి దోసెడు నీళ్ళు విడుస్తున్నానన్న సంగతి తట్టినప్పుడు, తర్పణం మధ్యలో నా గొంతు కాస్త పట్టుకుంది. అయ్యగారు మంత్రాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పించారు.

భీష్ముడు ఇక్కడ గుర్తుకు రాకమానడు. మాఘ శుద్ధ అష్టమి నాడు ఆ బ్రహ్మచారికి ఎవరైనా తర్పణమివ్వవచ్చు. తండ్రి బ్రతికి ఉన్నవాడు కూడా యముడికీ భీష్ముడికీ నీళ్ళు వదలవచ్చునని ధర్మశాస్త్రం ప్రత్యేకంగా అనుమతించింది. తాతను లోకమంతటికీ ఉమ్మడి చేసిన ఏర్పాటు అది. మహాలయపు వరుసలో కూడా తండ్రి తాతలతో మొదలైన జాబితా బావమరదుల మీదుగా, స్నేహితుల మీదుగా గురువు దాకా రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. రక్తంతో మొదలై రక్తం దగ్గరే ఆగిపోవడం మన పూర్వులకు చాలదనిపించింది.

అదే అనువాకంలో నాకు ఎంతో ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది. "యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి." మాలో ఏవి మంచి నడతలో వాటినే నీవు అనుసరించు, మిగతావి వద్దు అని ఆచార్యుడే చెబుతున్నాడు. తన శిష్యుడికి తనను తూచే త్రాసును తానే చేతికిచ్చే గురువు ఎంత నిబ్బరం గలవాడై ఉండాలి! ఏటా ఆగస్టు 6న, జూన్ 21న విగ్రహాలకు దండలు పడతాయి. వేసినవారు ఫొటో దిగి వెళ్ళిపోతారు. నేనూ వేశాను, దిగాను, కనుక ఎవరినీ తప్పు పట్టను. కాని దండ వేయడానికి త్రాసు అవసరం లేదు, తర్పణం వదలడానికి అవసరం. ఆ పేరు పలికే ముందు, ఆయనలో నేను నిజంగా తీసుకున్నది ఏమిటని అడుగుకోవలసి వచ్చింది. నాకు దొరికింది ఒక్కటే: కాగితం చూడకుండా మాట అనకూడదన్నది. అదైనా సగమే పాటిస్తున్నాను.

సారు 2011 జూన్ 21న, 76 ఏళ్ళ వయసులో హన్మకొండలో కన్నుమూశారు. ఏకశిలా పార్కులో అంత్యక్రియలు జరిగాయి. తెలంగాణను కళ్ళారా చూడాలన్న ఆయన కోరిక లోకానికి తెలిసినదే. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది, మూడేళ్ళు ఆలస్యంగా. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు, 2016లో భూపాలపల్లి జిల్లాకు పెట్టారు. తర్పణంలో పేరు మూడు తరాలకు మించి నిలవదు, ముత్తాత తండ్రిని మనమెవరమూ పిలవము. జిల్లా పేరు అంతకంటే ఎక్కువ కాలమే ఉంటుంది. అయినా బోర్డు మీది పేరును చదువుతాము, పిలవము. "తర్పయామి" అన్నప్పుడు మాత్రం ఎదుట ఉన్నవాణ్ణి పిలిచినట్టే పిలుస్తాము.

సాయంత్రం మళ్ళీ అదే చెరువు గట్టుకు వచ్చాము. ముందురోజే తెంపి ఉంచిన పూలు గనుక ఎంగిలిపూలంటారని కొందరు, కాడలు నోటితో తుంచడం వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు. మా ఇంట్లో ఈ వాదం ఏటా నడుస్తుంది, తేలదు. గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతుండగా మా కోడలు నా అరచేతిలో తొలినాటి ప్రసాదం పెట్టింది, నువ్వులూ బియ్యపు నూకలూ. పొద్దున అదే చేతిలో నల్ల నువ్వులు, సాయంత్రం బెల్లం కలిపిన తెల్ల నువ్వులు. ఆట అయ్యాక బతుకమ్మలను నీళ్ళలోకి దించారు. అడుగు మెట్టు అంచున తడి ఆరని చోట పొద్దుటి తర్పణపు గింజలు ఇంకా నాలుగైదు అంటుకుని ఉన్నాయి. ఒక తంగేడు కొమ్మ వచ్చి వాటికి ఆనుకుని ఆగింది.