మార్షా తల మీద పూలు

రాత్రి ఫోన్ పక్కన పెట్టబోతూ ఒక పాత ఫొటో దగ్గర ఆగిపోయాను. తల నిండా పూలు, నోరంతా నవ్వు. మార్షా పి. జాన్సన్, అమెరికాలో గే, ట్రాన్స్ (పుట్టినప్పుడు చెప్పిన లింగంతో సరిపోని) మనుషుల హక్కుల కోసం పోరాడిన మనిషి. న్యూయార్క్ పూల మార్కెట్లో అమ్ముడుపోని పూలే ఆవిడ అలంకారం. ఆ మార్కెట్ బల్లల కిందే నిద్రపోయిన రోజులూ ఉన్నాయట.

1969లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసులు దాడి చేస్తే చెలరేగిన తిరుగుబాటులో మొదటి ఇటుక విసిరింది ఆవిడేనని ఒకప్పుడు నేనూ షేర్ చేశాను. తీరా చూస్తే, తను వెళ్లేసరికే గొడవ మొదలైందని ఆవిడే చెప్పింది! లేని గొప్ప నెత్తిన పెట్టుకోలేదు. ఆ ఇటుక కన్నా నాకిదే నచ్చింది.

అసలు పని ఆ తర్వాతది. 1970లో తోటి ఉద్యమకారిణి సిల్వియా రివేరాతో కలిసి 'స్టార్' అనే సంస్థ పెట్టింది. ఇల్లు లేని ట్రాన్స్ పిల్లలకు గూడు, తిండి. అద్దె డబ్బుల కోసం వీళ్లిద్దరూ రాత్రిళ్లు ఒళ్లమ్ముకున్నారు. ఇది చదివాక కాసేపు స్క్రోల్ చేయలేకపోయాను.

పేరులో 'పి' ఏంటంటే "పే ఇట్ నో మైండ్" అనేదట. మన భాషలో, పట్టించుకోకులే అని.

1992 జులైలో హడ్సన్ నదిలో శవమై తేలింది. పోలీసులు ఆత్మహత్య అని రాసేశారు. స్నేహితులు ఒప్పుకోలేదు. 2012లో కేసు మళ్లీ తెరిచారు.

ఆ ఫొటో సేవ్ చేసుకున్నాను. పూలు కాస్త పక్కకి జారి ఉన్నాయి, సర్దుకోలేదు.