ఎస్టీమ్‌కి వీల్ స్పీడ్ సెన్సర్: వైరు కంటే ముందు రింగు సంగతి

మా అల్లుడికి ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే ఇంజను జోరు తగ్గించే ఏర్పాటు) కావాలట. బండేమో పాత మారుతీ ఎస్టీమ్, 1.3 లీటర్ల ఇంజను, దానికి క్యామ్ మార్చిండు, థ్రాటిల్ మార్చిండు, కంపెనీ ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) పీకేసి స్టాండలోన్ ఈసీయూ, అంటే మనమే సెట్ చేసుకునేది, పెట్టుకున్నడు, అంతవరకు బానే ఉన్నది. ఆ ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ల ట్రాక్షన్ కంట్రోల్ అని ఒక పేజీ కనబడ్డది, ఇగ పోరనికి నిద్ర లేదు. ఆ పేజీ పనిచేయాలంటే ముందు చక్రాల స్పీడెంత, వెనక చక్రాల స్పీడెంత, రెండూ తెల్వాలె. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి జారేది ముందువే, వెనకవి బండి ఎంత పోతే అంతే తిరుగుతయి, నిజం చెప్పేది అవే. ముందుది వెనకదాని కంటే పది శాతం అటుఇటు ఎక్కువ తిరుగుతుందంటే టైరు పట్టు చివరి దాకా వచ్చినట్టు, ముప్పై అంటే ఉత్తగ రబ్బరు కాల్చుడే. ఈ బండికి ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం బిగుసుకోకుండ చూసేది) లేదు, అంటే చక్రం స్పీడు చూసే సెన్సర్ లేదు, దాని ముందు చక్రంతోని తిరిగే పళ్ల రింగు లేదు, వైరింగ్ లేదు, అన్నీ మనమే పుట్టియ్యాలె.

ఏబీఎస్ ఉన్న బండ్లోళ్లకు ఇక్కడనే ఒక మాట. ఆల్రెడీ సెన్సర్ ఉన్నది గదా, ఆ వైరుకు చిన్న గాటు పెట్టి ఒక పాయ ఈసీయూకి లాక్కుందాం అని చాలామంది చేస్తరు. నేనైతే చెయ్యను, చెయ్యనియ్యను. ఇప్పటి రెండు వైర్ల సెన్సర్లు కరెంటుతోని మాట్లాడుతయి, పన్ను ఎదురుగ ఉంటే 14 మిల్లీ ఆంపులు, సందు ఉంటే 7, లేకపోతే అటుది ఇటు. మధ్యల మీరు ఇంకో దారి తెరిస్తె ఆ లెక్క తప్పుతది, ఏబీఎస్ లైటు వెలుగుతది, ఏబీఎస్ పనిచేసుడు బందైతది. పవర్ కోసం బ్రేకు పోగొట్టుకునే బేరం నాకు నచ్చదు. ఏబీఎస్ యూనిట్ క్యాన్ లైన్ (బండిల కంప్యూటర్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద నాలుగు చక్రాల స్పీడూ పంపుతుంటే అక్కడ నుంచి చదువుకోండి, మీ ఈసీయూ క్యాన్ చదవగలిగితే అంతకంటే శుభ్రమైన దారి లేదు.

సరే మా కథకు వస్త. అల్లుడు హైదరాబాద్ పోయి పుత్లిబౌలిల తిరిగి సెకండ్ హ్యాండ్ ఏబీఎస్ సెన్సర్లు ఒక కవర్ నిండ పట్టుకొచ్చిండు, అన్నీ రెండు వైర్లవే, "ఇవి పెట్టుకుందాం మామా, సస్తల దొరికినయి" అన్నడు. రెండు వైర్లు అనంగనే అన్నీ ఒకటే జాతి కాదు. ఒక జాతి లోపల ఉత్త కాయిలు, అయస్కాంతం, అంతే, దానికి కరెంటు ఇచ్చే పని లేదు, పళ్లు ముందు నుంచి పోతుంటే అదే ఏసీ పుట్టిస్తది. మల్టీమీటర్ పెడితే వెయ్యి ఓములు అటుఇటు చూపిస్తది, వైర్లు తిప్పి పెట్టినా అదే చూపిస్తది. రెండో జాతి లోపల చిప్ ఉంటది, మీటర్ అటు పెడితే ఒకటి చూపిస్తది ఇటు పెడితే ఇంకొకటి, అసలు ఓమ్స్‌ల చూసి దానితోని లాభం లేదు. 12 వోల్టులు ఇచ్చి, మధ్యల ఒక 100 ఓముల రెసిస్టర్ వేసి, దాని మీద వోల్టేజి చూడాలె: 7 మిల్లీ ఆంపులకు 0.7 వోల్టు, 14కు 1.4 వోల్టు. ఈ రెండిటి నడుమ 1 వోల్టు దగ్గర గీత పెట్టుకోనిచ్చే ఇన్‌పుట్ మీ ఈసీయూకి ఉంటే నేరుగ చదువుతది, లేకపోతే నడుమ చిన్న సర్క్యూట్ కావాలె.

కాయిలు రకానికి ఒక గుణం ఉన్నది, స్పీడు తగ్గిన కొద్దీ దాని వోల్టేజి చచ్చిపోతది. లాంచ్ చేసేటప్పుడు, అంటే బండి కదిలే మొదటి మీటర్ల, మనకు సమాచారం కావాల్సిందే అప్పుడు, అది మూగబోతది. పైగా దాని రెండు వైర్లు ఉల్టా పెడితే కూడా సిగ్నల్ వస్తది, కానీ ఈసీయూ చూడాల్సిన జీరో దాటుడు (వోల్టేజి ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోటు) పన్ను వేరే అంచు మీద పడతది, అప్పుడు పళ్ల లెక్క వణుకుతది. అందుకే అవి పక్కకు పెట్టినం.

చిప్ రకానివి టేబుల్ మీద టెస్ట్ చేసినం, చిన్న అయస్కాంతం ముందు నుంచి తిప్పితే టక్ టక్ అని మారుతున్నది, అల్లుడు గంతులేసిండు. స్క్రూ డ్రైవర్ కొన తిప్పితే మాత్రం ఉలుకు లేదు పలుకు లేదు. విషయం ఏందంటే ఇప్పటి చాలా బండ్లకు పళ్ల రింగే ఉండదు, వీల్ బేరింగ్ సీల్ మీద ఉత్తర దక్షిణ ధ్రువాలు వరుసగ ముద్ర కొట్టిన నల్ల పట్టీ ఉంటది, ఈ సెన్సర్లు దాన్ని చూడడానికే చేసినవి, వీటికి సొంత అయస్కాంతం లేదు, ఇనుప పన్ను ముందర పెడితే గుడ్డివే. సెన్సర్ మూతి మీద గుండుసూది పెట్టి చూడండి, అతుక్కుంటే లోపల అయస్కాంతం ఉన్నట్టు, ఇనుప పళ్లకు అది నడుస్తది. మాకు అతుక్కోలేదు. (ఆ నల్ల పట్టీ ఉన్న బేరింగ్‌ను షాపుల తిరగేసి ఎక్కిస్తె ఏబీఎస్ లైటు ఎందుకు వచ్చిందో ఎంతకీ అర్థం కాదు, అయస్కాంతం ఉన్న టూల్ ట్రేల పెట్టినా పట్టీ పాడైతది, ఇది కూడా గుర్తు పెట్టుకోండి.)

ఇగ మూడు వైర్ల హాల్ సెన్సర్ (అయస్కాంత బలం మారితే పసిగట్టే చిప్ ఉన్నది), ఇనుప పళ్ల కోసం చేసిందే, కొత్తది తెప్పించినం. ప్లస్, ఎర్త్, సిగ్నల్.

రింగు పని జడ్చర్ల లేత్ భాయ్‌ది. ట్రాక్టర్ ముక్కలు కోసి కోసి చెయ్యి తిరిగిన మనిషి. ఎన్ని పళ్లు కావాలె అని అడిగితే అల్లుడు 48 అన్నడు, కంపెనీలు అట్లనే పెడతరట. భాయ్ నవ్విండు, 40 పెట్టుకో, నాకు సుళువు నీకు సుళువు అన్నడు. డివైడింగ్ హెడ్ (ముక్కను సమాన భాగాలుగ తిప్పే పరికరం) 40కి 1 ఉంటది, హ్యాండిల్ ఒక్క పూర్తి చుట్టు తిప్పితే సరిగ్గ ఒక పన్ను, రంధ్రాల ప్లేటు లెక్కలు లేవు, తప్పు పడే సందే లేదు. ఈసీయూల పళ్ల సంఖ్య మనం టైపు చేసేదే గదా, 48 ఏమన్న దేవుడు చెప్పిండా. 8 ఎంఎం కట్టర్‌తోని ఒక్కొక్క సందు కోసుకుంట పోయిండు.

దాన్ని వెనక బ్రేక్ డ్రమ్ము బయటి అంచుకు ఎక్కియ్యాలె. డ్రమ్ము పోత ఇనుము, దానికి వెల్డింగ్ పెడితే పగులుతది, ఎవరన్న రెండు టాకాలు కొడదాం అంటే వినకండి. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా కాల్చి ఎక్కిచ్చినట్టు రింగును వేడి చేసి జార్చినం, చల్లారినంక పట్టేసింది, పైన మూడు చిన్న గ్రబ్ స్క్రూలు. బ్రేకు వేడికి వదులైతదేమో అని అల్లుని భయం, కానీ రింగు కంటే డ్రమ్మే ఎక్కువ కాలుతది, ఎక్కువ ఉబ్బుతది, కాబట్టి ఇంకా గట్టిగనే పట్టుకుంటది. సెన్సర్ బ్రాకెట్ బ్యాకింగ్ ప్లేటు (డ్రమ్ము వెనక తిరగకుండ ఉండే ప్లేటు) బోల్టుకు, పళ్లకు సెన్సర్‌కు నడుమ సందు 1 ఎంఎం. ముందు చక్రాలకు సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్టు చివరి కీలు) బయటి కప్పు మీద ఇంకో రింగు, పని అదే తీరు, దాని గురించి చెప్పేంత లేదు. ఒక్కటే, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూసి, సస్పెన్షన్ కిందికి వేలాడినప్పుడు కూడా వైరు గుంజుకోకుండ వదులు పెట్టి, బ్రేక్ హోస్ క్లిప్పుల వెంబడే తీసుకుపోవాలె.

వైరింగ్‌ల అసలు తంట వెనకనే వచ్చింది. కీ ఆన్ చేసి బండి షెడ్డుల నిలబడే ఉన్నది, ల్యాప్‌టాప్‌ల వెనక చక్రం స్పీడు ఇరవై చిల్లర చూపిస్తున్నది, రెండు సెకండ్లకు జీరో అవుతున్నది. ఆ రెండు సెకండ్లే క్లూ, కీ ఆన్ చేసినంక ఫ్యూయల్ పంపు తిరిగి ఆగే టైము అది. చూస్తె అల్లుడు సెన్సర్ ఎర్త్‌ను వెనక సీటు కింద బాడీ బోల్టుకు వేసిండు, పంపు ఎర్త్ కూడా అదే బోల్టు. పంపు గుంజే కరెంటుకు ఆ బోల్టు దగ్గర వోల్టేజి ఊగుతది, సెన్సర్ ఆ ఊగే నేల మీద నిలబడి సిగ్నల్ ఇస్తది, ఈసీయూ దాన్ని పళ్లు అనుకుంటది. సెన్సర్ ఎర్త్ ఎప్పుడన్న ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ పిన్నుకే రావాలె, ఎంత దూరమైనా సరే, బాడీకి కాదు. షీల్డ్ ఉన్న మూడు తీగల కేబుల్ వేసి, షీల్డ్‌ను ఈసీయూ దిక్కు మాత్రమే ఎర్త్ చేసి, చక్రం దిక్కు కోసి హీట్ ష్రింక్ వేసి వదిలేసినం, రెండు దిక్కులా కలిపితే షీల్డే కరెంటు మోసే తీగ అయితది. సిగ్నల్‌కు 5 వోల్టుల పుల్-అప్ (సిగ్నల్ తీగను పైకి లేపి పట్టే రెసిస్టర్) కావాలె, ఎందుకంటే ఈ సెన్సర్ సిగ్నల్‌ను కిందికి గుంజుడే తప్ప పైకి లేపదు. మా ఈసీయూల పుల్-అప్ సాఫ్ట్‌వేర్ టిక్కుతోని వస్తది, లేనోళ్లు 2.2 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వేసుకుంటే సరిపోతది. చక్రం దగ్గర జాయింట్లకు సోల్డర్ వద్దు, క్రింప్ చెయ్యండి, సోల్డర్ పీల్చుకున్న వైరు కట్టె లెక్క అయి అదిరే చోట సరిగ్గ ఆ అంచునే విరుగుతది.

ఇప్పుడు లెక్క. టైరు మీద చాక్‌పీసుతోని గీత పెట్టి, బండిని ఒక చుట్టు తోసి టేపుతోని కొలిస్తె 1.77 మీటర్లు వచ్చింది. 185/60 ఆర్14 సైజు టైరుకు కాగితం లెక్క 1.81, కానీ బరువుకు టైరు నలుగుతది కాబట్టి కొలిచిందే ఎక్కియ్యాలె. 60 కిలోమీటర్ల స్పీడుకు చక్రం సెకండుకు 9.4 చుట్లు, 40 పళ్లకు 377 హెర్ట్జ్. 5 కిలోమీటర్లకు కూడా 31 హెర్ట్జ్ వస్తది. ఎవరో వీల్ బోల్టులనే పళ్లుగ వాడుకోమన్నరు, నాలుగు బోల్టులకు అదే స్పీడుల సెకండుకు మూడు పల్సులు, అది తెలిసేటప్పటికి టైరు జారి పొగ కూడా వచ్చేసి ఉంటది.

టెస్టింగ్ హైవే మీద కాదు. మా దిక్కు ఒక లాభం ఉన్నది, భూత్పూర్ రోడ్డు పొంటి వెంచర్లు, ప్లాట్లు అమ్ముడుపోలేదు కానీ నలభై ఫీట్ల రోడ్లు మాత్రం ఊడ్చినట్టు ఉన్నయి, తెలిసినాయన గేటు తాళం ఇచ్చిండు. లాగ్ (ఈసీయూ రికార్డు చేసిన స్పీడు గీతలు) చూస్తె కుడి వెనకది చుట్టుకొక్కసారి కిందికి గుంట పడుతున్నది. కేబుల్ అనుమానమే లేదు, స్పీడు పెరిగితే గుంటలు దగ్గరైతున్నయి అంటే అది చక్రంతోనే తిరుగుతున్న రోగం. డయల్ గేజ్ పెడితే రింగు అర ఎంఎం వంకర, ఒక దిక్కు సందు ఎక్కువై పల్సు జారిపోతున్నది. సాఫ్ట్‌వేర్‌ల ఫిల్టర్ పెంచితే గీత నున్నగ అయితది మామా అన్నడు అల్లుడు. అయితది, కానీ ఫిల్టర్ అంటే ఆలస్యం, ట్రాక్షన్ కంట్రోల్‌కు ఆలస్యంగ వచ్చిన నిజం దేనికి. డ్రమ్ము మళ్ల లేత్ మీదికి ఎక్కింది, భాయ్ పళ్ల కొనలు చెక్కి 0.1కు తెచ్చిండు, సెన్సర్‌ను మళ్ల 1 ఎంఎంకు జరిపినం, గుంట పోయింది.

ఇప్పుడు ముందువి రెండు, వెనకవి రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడుకుని పోతున్నయి, క్లచ్ వదలంగనే ముందువి లేస్తున్నయి, చూడ ముచ్చటగ ఉన్నది. మూలమలుపుల లోపలి చక్రం తక్కువ తిరుగుతది కాబట్టి వెనక రెండిటి సగటు తీసుకోమని పెట్టినం. ముందు చక్రాల కనెక్టర్లు మాత్రం రబ్బరు సీలు లేనివి, వానలు పడేలోపు మార్చాలె.