నూనె డ్రమ్ముతో ఇంట్లోనే స్మోకర్: నా అనుభవం

సీకు కబాబ్‌కి నిప్పు జానెడు దూరంలో ఉంటుంది. స్మోకర్‌లో, అంటే పొగతో మాంసం వండే మూత పొయ్యిలో, అడుగున్నర కింద బొగ్గులు నెమ్మదిగా రాజుకుంటుంటే, మాంసం 110–120 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి మగ్గుతుంది. దమ్ బిర్యానీ అలవాటున్న చేతికి ఇది తొందరగా పట్టుబడుతుంది. మాటిమాటికీ మూత తీసేవాళ్లకు మాత్రం కష్టం.

డ్రమ్ము 200 లీటర్లది, వంటనూనె వచ్చినది, మూత పూర్తిగా ఊడి రింగు క్లాంపుతో బిగుసుకునేది కావాలి. థిన్నర్లు, రసాయనాలు నింపిన డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా వద్దు. కడిగినా ఆ మడ్డి పోదు, గ్రైండర్ రవ్వ పడితే లోపలి ఆవిరి పేలుతుంది. నాకు దొరికిన డ్రమ్ము లోపల ఎర్రటి పూత ఉంది. ఆరుబయట, మూత తీసి, రెండు గంటలు కట్టెల మంట పెట్టి, చల్లారాక వైర్ బ్రష్‌తో ఇనుము తేలేదాకా గీకాను. ఆ పొగకు ఎదురుగా నిలబడకూడదు.

గాలి లోపలికి రావడానికి అడుగు నుంచి రెండు ఇంచీల ఎత్తులో చుట్టూ నాలుగు బెజ్జాలు, ఒక్కోటి 27 మిల్లీమీటర్లు. వాటిలో ముప్పావు ఇంచీ నిపుల్స్ (మరలున్న పొట్టి పైపు ముక్కలు) బిగించి మూడింటికి క్యాపులు, ఒకదానికి బాల్ వాల్వు పెట్టాను. పొగ పోవడానికి మూతకు అర ఇంచీ బెజ్జాలు ఎనిమిది. ఇవి వంట సాగినంతసేపూ తెరిచే ఉండాలి. వేడి తగ్గించాలని వీటిని మూస్తే పొగ లోపలే నిలిచి మాంసానికి మసి పడుతుంది. బొగ్గుల బుట్ట 35 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు. బూడిద రాలడానికి కింద 8 సెంటీమీటర్ల కాళ్లు. బుట్ట అడుగు నుంచి మాంసం పెట్టే జాలీకి 60 సెంటీమీటర్లు. బుట్టకు గానీ జాలీకి గానీ జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వాడొద్దు, వేడికి జింకు పొగ వస్తుంది. తర్వాత లోపల నూనె రాసి మూడు గంటలు ఖాళీగా కాల్చాలి.

కట్టె విషయంలో మన అదృష్టం సర్కారు తుమ్మ. టెక్సాస్‌లో బార్బెక్యూకి వాడే మెస్కీట్ దీని దగ్గరి చుట్టమే, రెండూ ఒకే ప్రజాతి చెట్లే. పొగ ఘాటు కాబట్టి పిడికెడంత ముక్కలు రెండు చాలు. కోడికి మామిడి, జామ మేలు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క వద్దు. గన్నేరు విషం, దాని కొమ్మ దగ్గరికి కూడా రానివ్వొద్దు. కట్టెను నీళ్లలో నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు. నానిన కట్టె ముందు ఆవిరి, ఆపైన తెల్లటి చిక్కటి పొగ ఇస్తుంది, అంతే.

నా మొదటి కోడి ఆ తెల్లపొగకే చేదెక్కింది. ఇప్పుడు నాలుగు కిలోల చల్లటి బొగ్గులు బుట్టలో పోసి, కట్టె ముక్కలు మధ్యలో దూర్చి, బాగా కణకణలాడే బొగ్గులు పన్నెండో పదిహేనో పైన పెడతాను. నిప్పు పైనుంచి కిందికి పాకుతూ ఏడెనిమిది గంటలు నిలుస్తుంది. పొగ పలచబడి నీలంగా మారేదాకా, అంటే అరగంటకు పైగా, మాంసం పెట్టను. జాలీ దగ్గర ప్రోబ్ (థర్మామీటర్ సూది) 95 చూపగానే క్యాపులు ఒక్కొక్కటే మూసేస్తాను. 115 దగ్గర సగం తెరిచిన వాల్వు ఒక్కటే మిగులుతుంది. 150 దాటిపోతే దించడానికి గంట పడుతుంది, అప్పటికే ఎక్కువ బొగ్గు అంటుకుని ఉంటుంది కదా. మూత తెరిస్తే గాలి దూరి మళ్లీ అదే తంతు. మూతకు బిగించే గడియారం లాంటి థర్మామీటర్‌ను నమ్మి మోసపోయాను, జాలీ మీది వేడికీ దానికీ పొంతన లేదు.

కోడికి 115 పనికిరాదు, తోలు రబ్బరైపోతుంది. వెన్నెముక కోసి పరిచిన కిలోంపావు కోడిని 140–150లో గంటా గంటుంపావు ఉంచితే చాలు. రొమ్ములో 74, తొడలో 80 రావాలి. ఎముక పక్కన గులాబీ రంగు కనిపిస్తే పచ్చిదని కంగారు పడక్కర్లేదు. పొగలోని వాయువులు మాంసంలోని ఎర్రటి పదార్థంతో కలిస్తే ఆ రంగు నిలిచిపోతుంది, చూడాల్సింది థర్మామీటర్‌నే.

మేక ముందుకాలు, రెండు కిలోలది, అసలు పరీక్ష. కిలోకు 15 గ్రాముల ఉప్పు, మిరియాల పొడి ముందు రాత్రే పట్టించాలి. లోపల 68–70కి చేరాక ముల్లు కదలదు, గంటైనా అక్కడే. మాంసంలోంచి నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంటుంది, చెమటకు ఒళ్లు చల్లబడ్డట్టు. నేను వాల్వు తెరిచి తొందరపెట్టాను, పైభాగం అట్ట కట్టింది. మేకకు కొవ్వు తక్కువ కాబట్టి అక్కడ ఓపిక పట్టడం కన్నా రెండు పొరల ఫాయిల్‌లో చెంచా నెయ్యి వేసి చుట్టేయడమే నయం. 93–95 మధ్య ప్రోబ్ వెన్నలో దిగినట్టు దిగుతుంది. మొత్తం ఐదారు గంటలు, దించాక ముప్పావు గంట అలాగే ఉంచాలి.

చివర్లో పైనా కిందా బెజ్జాలన్నీ మూసేస్తే గాలి లేక నిప్పు చస్తుంది, మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. ఇదంతా డాబా మీదే. మూసిన బాల్కనీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బూడిద మర్నాడే తీసేయాలి. వానాకాలంలో అది తడిసి, నా మొదటి డ్రమ్ము అడుగును ఒక్క సీజన్‌లోనే తినేసింది.