అడా పాట

పెళ్లి కోసం ఓడెక్కి వచ్చిన అమ్మాయిలతో మొదలవుతుంది ‘నాటీ మారియెట్టా’ అనే ఆపరెట్టా, అంటే మాటలూ పాటలూ కలిసిన తేలికపాటి సంగీత నాటకం. విక్టర్ హెర్బర్ట్ సంగీతం, రిడా జాన్సన్ యంగ్ కథ, పాటలు. 1910 నవంబరు 7న న్యూయార్క్‌లో తెర లేచింది. ఈ ఆపరెట్టా పేరు చెప్తే చాలామందికి ‘ఆ! స్వీట్ మిస్టరీ ఆఫ్ లైఫ్’ గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు పరిచయమైంది వేరే పాట. నా గొంతు పై స్వరాలకు సాగదు, కింద నిండుగా పలుకుతుంది. అది చూసి మా సంగీతం టీచర్ నాయిక మారియెట్టా పాటలన్నీ పక్కన పెట్టి, అడా అనే బానిస పాత్ర పాడే ‘నీత్ ద సదరన్ మూన్’ నా చేతికిచ్చారు. అలా నేను ఈ కథలోకి నాయిక వెంట కాకుండా అడా వెంట వచ్చాను.

కథ జరిగేది 1780 నాటి న్యూ ఆర్లీన్స్‌లో. ఫ్రాన్స్ నుంచి చిన్న చిన్న పెట్టెలతో ఆడపిల్లలు దిగుతారు, రేవులో మగవాళ్లు ఎదురుచూస్తుంటారు. ఇలాంటి అమ్మాయిలు నిజంగానే వచ్చారు కానీ, అది 1720ల ముచ్చట. 1780 నాటికి ఆ ఊరు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. రంగస్థలం మీద చరిత్ర కాస్త అటూ ఇటూ అయినా నాకు పట్టింపు లేదు. ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి ఇటలీ కులీన కుటుంబపు అమ్మాయి మారియెట్టా ఆ గుంపులో కలిసి వస్తుంది. బొమ్మలాట ఆడించే రుడోల్ఫో దగ్గర, అతని కొడుకులా మగవేషంలో దాక్కుంటుంది. ఆమెకు కలలో ఒక రాగం వినిపించింది, సగమే. మిగతా సగం పాడినవాడినే చేసుకుంటానంటుంది. కెప్టెన్ డిక్ వారింగ్టన్‌తో స్నేహం కుదిరినా, ఇది ప్రేమ కానే కాదని ఇద్దరూ కలిసి ఒక యుగళగీతమే పాడేస్తారు. ఎవరూ చేసుకోని లిజెట్, డిక్ సేవకుడు సైమన్ నవ్వులు పూయిస్తారు.

ఇంత పెళ్లిసందడి మధ్య అడా ఉంటుంది. నల్లజాతి రక్తం నాలుగోవంతు ఉన్న స్త్రీ, బానిస. పాలకుడి కొడుకు ఎతియెన్ ఆమెను ఉంచుకున్నాడు. 1724లో ఫ్రాన్స్ లూసియానాకు తెచ్చిన బానిస చట్టం తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య పెళ్లిని నిషేధించింది. అంటే ఈ కథలో అందరూ ఎవరిని చేసుకోవాలా అని తర్జనభర్జన పడుతుంటే, అడాకు ఆ ప్రశ్నే లేదు. ఎతియెన్ మనసు తననుంచి తప్పుకుంటోందని తెలిసినప్పుడు ఆమె పాడే పాటే ‘నీత్ ద సదరన్ మూన్’. బతిమాలడం, భయం, ఇంకా చావని ఆశ, మూడూ ఆ ఒక్క పాటలో ఉన్నాయి. ఈ పాట సాధన చేసేటప్పుడు నాకు గొంతు కంటే ఊపిరి ఎక్కువ కష్టమైంది. వాక్యాలు అంత పొడుగ్గా సాగుతాయి.

రెండో అంకంలో, నాట్య విందు జరుగుతుండగా, ఎతియెన్ ఆమెను వేలం వేస్తాడు! హాస్య ఆపరెట్టాలో ఈ సన్నివేశం పెట్టడానికి ధైర్యం కావాలి. డిక్ ఆమెను కొంటాడు, విడుదల చేయడానికే. కానీ మారియెట్టా అపార్థం చేసుకుని, పంతానికి పోయి ఎతియెన్‌ని పెళ్లాడటానికి ఒప్పుకుంటుంది. అప్పుడు డిక్ వెతుకుతున్న సముద్రపు దొంగ ‘బ్రా పికే’ ఎవరో చెప్పేది అడాయే. ఆ దొంగ చేతి మీద పచ్చబొట్టు ఉంటుంది, ఎతియెన్ చేతి మీద ఉన్నదీ అదే. మారియెట్టా ఆ పెళ్లి కాదంటుంది, ఆమెను గదిలో బంధిస్తారు, డిక్ వచ్చి సగం రాగానికి మిగతా సగం పాడతాడు. జనం ఆ రాగానికే చప్పట్లు కొడతారు, కొట్టాలి కూడా. అయినా అడా నోరు విప్పకపోతే ఆ పెళ్లి లేదు. తనకు చట్టం నిరాకరించిన పెళ్లిని ఆమె ఇంకొకరికి నిలబెట్టింది. హెర్బర్ట్‌కి ఈ సంగతి తెలుసని నేను గట్టిగా నమ్ముతాను, లేకపోతే అంత బరువైన పాట ఆమెకు రాసేవాడు కాదు.

అంత బరువు మోయగల గొంతులు దొరకడానికీ ఒక కారణం ఉంది. ఈ ఆపరెట్టా నిర్మాత ఆస్కార్ హామర్‌స్టైన్ అంతకుముందు న్యూయార్క్‌లో మాన్‌హటన్ ఆపెరా హౌస్ నడిపి, పోటీ సంస్థ మెట్రోపాలిటన్ ఆపెరాకి చెమటలు పట్టించాడు. చివరికి 1910లో వాళ్లు 12 లక్షల డాలర్లిచ్చి, పదేళ్లపాటు ఆపెరా జోలికి రావద్దని రాయించుకున్నారు. ఆపరెట్టాకి ఆ అడ్డు లేదు. తన ఆపెరా గాయకులను ఇటు తిప్పాడు. మారియెట్టాగా ఎమ్మా ట్రెంటిని, డిక్‌గా ఆర్విల్ హారల్డ్ అక్కడివాళ్లే. ట్రెంటినికీ హెర్బర్ట్‌కీ తర్వాత చెడింది. ఒక ప్రదర్శనలో ఆయనే ఆర్కెస్ట్రా నడిపిస్తుంటే జనం అడిగినా ఆమె పాట మళ్లీ పాడనంది, ఆయన కోపంగా వెళ్లిపోయాడు. ఆమె కోసం రాయాల్సిన తర్వాతి ఆపరెట్టా రుడాల్ఫ్ ఫ్రిమ్ల్ చేతికి వెళ్లింది, అదే 1912 నాటి ‘ద ఫైర్‌ఫ్లై’.

1935లో జెనెట్ మెక్‌డొనాల్డ్, నెల్సన్ ఎడ్డీలతో సినిమా తీశారు. సౌండ్ రికార్డింగ్‌కి ఆస్కార్ వచ్చింది, ఇద్దరూ అద్భుతంగా పాడారు. కానీ అందులో అడా లేదు. ఆమె పాటను నాయకుడికి ఇచ్చేశారు. నెల్సన్ ఎడ్డీ గొంతులో అది వెన్నెల రాత్రి ప్రేమగీతం అయిపోయింది. వినడానికి బాగానే ఉంటుంది, నాకు మాత్రం కడుపులో దేవినట్టుంటుంది. వినదలచుకున్నవాళ్లు దయచేసి ఆడవాళ్ల లోగొంతులో, కాంట్రాల్టో పాడిన రికార్డింగ్ వెతుక్కోండి. ఆ పాట పాడుతున్న మనిషిని రెండో అంకంలో వేలం వేయబోతున్నారని తెలిసి వినండి.