మా అమ్మాయి, మూడు క్రెడిట్లు

రెండేళ్ల క్రితం తొమ్మిదో తరగతి మధ్యలో మా అమ్మాయిని బడి మాన్పించాం. పొద్దున ఆరింటికి బస్సెక్కి రాత్రి ఏడున్నరకు దిగే పిల్ల, అన్నం తింటూనే నిద్రపోయేది. అప్పటి నుంచి విద్యానగర్‌లోని మా ఇల్లే తనకు బడి. పదో తరగతి ఎన్ఐఓఎస్‌లో, అంటే బడికి వెళ్లకుండా చదివి పరీక్షలు రాసే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో, పాసైంది, ఇప్పుడు అక్కడే ఇంటర్‌కు సమానమైన సీనియర్ సెకండరీ చదువుతోంది.

కాలేజీ క్రెడిట్ల ఆలోచన, అంటే డిగ్రీలో లెక్కకు వచ్చే పాయింట్లు ముందే సంపాదించుకోవడం, మా చెల్లెలి వల్ల వచ్చింది. అమెరికాలో తనూ కొడుకును ఇంట్లోనే చదివిస్తోంది. "అక్కా, వాడు క్లెప్ పరీక్ష రాశాడు, 50 దాటింది, డిగ్రీలో ఒక సబ్జెక్టు తగ్గినట్టే" అంది. క్లెప్ అంటే కాలేజీ పాఠం ముందే వచ్చని నిరూపించుకునే పరీక్ష. దాని స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. 50 వస్తే క్రెడిట్ ఇచ్చే కాలేజీలు అక్కడ చాలానే ఉన్నాయి.

ఇక్కడ మాకు దొరికిన దారి ఎన్‌పీటెల్, ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో కాలేజీ పాఠాలు చెప్పే కార్యక్రమం. పాఠాలు ఉచితం, ఎవరైనా చేరవచ్చు. పరీక్ష రాయాలంటేనే వెయ్యి రూపాయలు. మా అమ్మాయి ఐఐటీ రోపర్ వారి పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష) కోర్సు ఎంచుకుంది. పన్నెండు వారాల కోర్సుకు మూడు క్రెడిట్లు. మధ్యాహ్నాలు చిక్కడపల్లి గ్రంథాలయంలో, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అన్నయ్యల, అక్కయ్యల మధ్య కూర్చునేది. ఇంట్లో గంటసేపు కదలకుండా కూర్చోలేని పిల్ల అక్కడ మూడు గంటలు చదివేది. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

దసరాకు మా అమ్మగారి ఊరు వెళ్లినప్పుడు రెండు వారాల అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది. పిల్ల ఏడ్చింది. పన్నెండింటిలో మంచి మార్కులు వచ్చిన ఎనిమిదినే లెక్కిస్తారని నియమాలు మళ్లీ చదివాక తెలిసింది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. మొదటి దానిలో 10, రెండో దానిలో 30 వస్తేనే సర్టిఫికెట్. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అక్టోబరులో మొదలయ్యే ఎన్ఐఓఎస్ పరీక్షలు కోర్సు చివరి వారాలతో కలిశాయి. అక్కడ ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి కాబట్టి రెండు సబ్జెక్టులే రాయించి మిగతావి ఏప్రిల్‌కు ఉంచాం. ఇంట్లో చదివించే తల్లిదండ్రులు ఈ వెసులుబాటును తప్పకుండా వాడుకోవాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. సర్టిఫికెట్ మీద క్రెడిట్లు రాసి ఉన్నంత మాత్రాన అవి డిగ్రీలో కలవవు. డిగ్రీలో చేరిన విద్యార్థులు స్వయం (ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) కోర్సుల ద్వారా నలభై శాతం వరకు క్రెడిట్లు తెచ్చుకోవచ్చని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2021లో అనుమతించింది. చేరకముందు చేసిన కోర్సును ఒప్పుకోవాలా వద్దా అన్నది కాలేజీ చేతిలో ఉంది. నేను మూడు కాలేజీలకు వెళ్లి అడిగాను. ఒకచోట "చేరాక చేసినవే లెక్క" అన్నారు. ఇంకొకచోట సర్టిఫికెట్ తెస్తే చూస్తామన్నారు. మూడోచోట నా ప్రశ్న పూర్తిగా వినేవారే దొరకలేదు. అందుకే క్రెడిట్ కోసం అయితే ముందు కాలేజీని అడగండి, కోర్సు ఆ తర్వాత. మా అమ్మాయికి ఆ సబ్జెక్టు ఇష్టం కాబట్టి మేం రెండో కాలేజీ మాట మీద ఆశ పెట్టుకుని సాగిపోయాం.

పరీక్ష రోజు కేంద్రం బయట మూడు గంటలు నిలబడ్డాను. తనతో పాటు లోపలికి వెళ్లిన వాళ్లందరూ బీటెక్ పిల్లలే. ఫలితం వచ్చింది, 64. జనవరి కోర్సుల జాబితా ముందు పెట్టుకుని, ఏప్రిల్ నుంచి ఏ సబ్జెక్టు అక్టోబరుకు జరపాలో నిన్న రాత్రి తనే లెక్క వేసింది. రసాయన శాస్త్రం జరుపుతుందట.