టోనోలో హాప్ కోతల వేళ

టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో షిన్-హనమాకి దాకా వెళ్లి, అక్కడ కమాయిషి లైన్ డీజిల్ రైలు ఎక్కితే గంట అటూ ఇటూగా టోనో చేరతాం. ఆ రైళ్లు రోజుకు కొన్నే. తిరుగు రైలు వేళ చూసుకున్నాకే స్టేషన్ దాటాలి. నేను వెళ్లింది ఆగస్టు చివర్లో. ఇవాతే జిల్లాలోని ఈ కొండల లోయలో, బీరుకు చేదూ వాసనా ఇచ్చే తీగపువ్వు హాప్ కోతలకు అదే అదను.

ఇక్కడ 1963 నుంచి కిరిన్ బీరు కంపెనీ ఒప్పందం మీద హాప్స్ పండిస్తున్నారు. ఇబుకి అనే రకం పేరున్నది. అత్తిపండు, కమలాల వాసనలు కలిసిన మురకామి సెవెన్ కొత్తది. తోట చూస్తే అవిస చెట్లకు పాకించిన మన తమలపాకు తోటే గుర్తొస్తుంది. కాకపోతే ఇక్కడ చెట్ల బదులు స్తంభాలు, వాటి మీద 5 మీటర్లకు పైన ఇనుప తీగలు, అక్కడి నుంచి వేలాడే తాళ్లు. వసంతంలో దుంప చుట్టూ మట్టి తవ్వి, ఎక్కువైన మొలకలు తీసేసి, తాడుకు కొన్నే ఉంచి చుడతారు. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి. ఎదురు తిప్పితే తీగ తనంతట తాను విడిపోయి జారిపోతుంది. కావలసింది ఆడ తీగలే. మగ తీగ దగ్గర్లో ఉంటే పువ్వులో గింజలు పడతాయి.

కోత రోజున తీగను పైనా కిందా కోసి, పొడవునా ట్రక్కులో వేసుకుని యంత్రం దగ్గరికి తెస్తారు. యంత్రం పువ్వులు దూసి, ఆకు వేరు చేస్తుంది. తీగ నిండా కొక్కేల్లాంటి నూగు ఉంటుంది, నిండు చేతుల చొక్కా లేకపోతే చర్మం గీసుకుపోతుంది. పువ్వును నిలువునా చీల్చితే రేకుల మొదట్లో పసుపుపచ్చ పొడి కనిపిస్తుంది. అదే లుపులిన్, బీరులో చేదూ పరిమళమూ దానివే. వేళ్ల మధ్య నలిపితే జిగురుగా అంటుకోవాలి. పొడి నారింజ రంగుకు తిరిగి, వెల్లుల్లి వాసన వస్తే కోత ఆలస్యమైనట్టే.

అసలు విషయం ఆ తర్వాతి గంటల్లో ఉంది. పచ్చి పువ్వులో దాదాపు 80 శాతం నీరే. కుప్పగా వదిలేస్తే పచ్చిగడ్డి వామిలో వేడి పుట్టినట్టే లోపల వేడెక్కి పాడైపోతుంది. అందుకే వెంటనే 50-60 డిగ్రీల వేడిగాలిలో 10 శాతం తేమ దాకా ఆరబెడతారు, లేదా గడ్డకట్టిస్తారు. ఆరబెట్టినప్పుడు తేలికపాటి సువాసనలు కొన్ని ఎగిరిపోతాయి. గడ్డకట్టించకుండానే వాటిని బీరులోకి పట్టాలంటే పచ్చి పువ్వును ఒక్క రోజులోపే బీరు కాచే పాత్రలో వేయాలి. అది తోట పక్కన ఉన్న బ్రూవరీకే సులువు.

పచ్చివాటితో లెక్కే మారుతుంది. 100 లీటర్లకు 1 కిలో ఎండు హాప్స్ వేసే చోట పచ్చివి 5 కిలోలు కావాలి. అంత పువ్వు వోర్ట్‌ను (బీరుగా పులియబెట్టే తీపి రసాన్ని) పీల్చేసుకుంటుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ కాచుకోవాలి. విడిగా వేస్తే గొట్టం మూసుకుపోతుంది. వదులుగా కట్టిన వలసంచిలో వేయడం మేలు. పొయ్యి ఆపి, 80 డిగ్రీలకు దిగాక వేసి, అరగంటలోపు తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే ఆకుపసరు రుచి దిగుతుంది.

2018లో మొదలైన టోనో బ్రూయింగ్ ట్యాప్‌రూమ్ (తమ బీరు అక్కడే పోసిచ్చే చోటు) స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరమే. అక్కడికి వెళ్తే ఇక్కడే పండే పాద్రోన్ మిరపకాయలు కూడా అడగండి. నూనెలో వేయించి ఉప్పు చల్లి ఇస్తారు, పదింట్లో ఒకటో రెండో మాత్రమే కారం. ఊళ్లో ఇంకో బీరు పేరు జుమోనా. సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే పాత సంస్థ 1999లో మొదలుపెట్టింది. ఇక్కడి యాసలో కథలు చెప్పేవాళ్లు వాక్యం చివర ‘జుమోనా’ అంటారు. అచ్చం మన ‘ఉండేదట’లోని ‘అట’! ఒక బీరుకు ఇంతకంటే ముద్దైన పేరు నాకు తెలియదు.

కప్పా అనే నీటి భూతం కథలున్న కప్పాబుచి వాగు చూడటానికి చాలామంది సైకిల్ అద్దెకు తీసుకుంటారు. అది ఉదయమే ముగించి, సైకిల్ అప్పగించాకే గ్లాసు ముట్టండి. జపాన్‌లో మద్యానికి కనీస వయసు 20 ఏళ్లు. 2024 నవంబరు నుంచి తాగి సైకిల్ తొక్కినా, లీటరు ఊపిరిలో 0.15 మిల్లీగ్రాములు, అంతకు మించి ఆల్కహాల్ ఉంటే జైలు లేదా జరిమానా ఉంటుంది. తోటలు రైతుల సొంతం, అనుమతి లేకుండా వరుసల్లోకి దిగకూడదు. పచ్చి హాప్ బీరు సీసా కొంటే ఎండ తగలనివ్వకుండా చల్లగా ఇంటికి తెచ్చి, నెలలోపు తాగేయండి. ముందుగా పోయేది ఆ పచ్చి పరిమళమే.